రాయిస్ టాకెట్ రెండో ఎద్దు

రాయిస్ టాకెట్ ఒంట్లో ఇంకా విరగని ఎముక ఏదని ఎవరైనా అడిగితే, వాళ్లావిడ వాండా కాసేపు ఆలోచించి "నాలుక" అనేది. నాలుకకు ఎముక లేదన్నది అలా ఉంచండి, రాయిస్‌కు నోట్లో నాలుక ఉన్నట్టే చాలామందికి తెలియదు. అంత తక్కువ మాట్లాడేవాడు.

పదకొండేళ్లు వాడితో ఒకే పికప్‌లో తిరిగాను. ఓక్లహోమా, టెక్సస్, కాన్సస్, ఎద్దుల స్వారీ పోటీ ఎక్కడుంటే అక్కడికి. నేనూ ఎద్దులెక్కేవాణ్ణే, కానీ అంతంతమాత్రం. వాడు అలా కాదు. పాడి మీద బతికే ఇంట్లో పుట్టి, వాళ్ల నాన్న పాలు పితుకుతుంటే దూడలెక్కి పడుతూ నేర్చుకున్నాడు. ఎద్దు ఎటు తిరగబోతోందో ఎద్దుకంటే ముందు వీడి నడుముకు తెలిసేది.

మాలో ఒక మర్యాద ఉంది. మైదానం అంచున గేటు వెనక ఉండే ఇరుకు ఇనుప గదిలో ఎద్దు మీద కూర్చున్నవాడి తాడు ఎవరుపడితే వాళ్లు లాగకూడదు. ఎద్దు రొమ్ము చుట్టూ వేసిన ఆ తాడొక్కటే వాడికి ఆధారం. దాన్ని పైనుంచి బిగించేది తోడు తిరిగేవాడే. రాయిస్ తాడు నేను లాగేవాణ్ణి, నా తాడు వాడు. బిగిసిన తాడును అరచేతికి చుట్టుకుని తల ఊపితే గేటు తెరుస్తారు. ఇక ఒంటి చేత్తో ఎనిమిది సెకన్లు నిలవాలి.

ఇంకో మర్యాద కూడా ఉంది, అదే మా కొంప ముంచింది. మంచం మీద టోపీ పెడితే అపశకునమని మేమంతా నమ్ముతాం. తోటివాడికి తగిలిన దెబ్బ సంగతి జడ్జి చెవిన వేయడం అంతకంటే పెద్ద అపచారం. ఎవడి నొప్పి వాడిది. ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు, మా దెబ్బలు చూడడానికే టికెట్లు కొనే జనం ఉండగా మళ్లీ మనం చెప్పడమేమిటని అనుకునేవాళ్లం. మూర్ఖులం.

డిసెంబరులో జరిగే పెద్ద పోటీకి, ఏడాదంతా గెలిచిన డబ్బును బట్టి, దేశం మొత్తం మీద పదిహేను మందినే పిలుస్తారు. మూడేళ్లుగా రాయిస్ పదహారోవాడు, పద్దెనిమిదోవాడు, మళ్లీ పదహారోవాడు. ఎనభై ఎనిమిదిలో వాడికి ముప్పై రెండేళ్లు. మోకాళ్లు అయిపోయాయి. "ఈ ఒక్క ఏడాదే గ్లెన్. వెళ్తే వెళ్తా, లేకపోతే ఇంటికెళ్లి పాలు పితుక్కుంటా," అన్నాడు. వాడు అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

ఆ ఆగస్టులో కాన్సస్‌లో ఒక చిన్న ఊరి సంతలో పోటీ. అప్పట్లో మాకు హెల్మెట్లు లేవు, టోపీలే. గేటు తెరవగానే ఎద్దు పక్కకు విసురుకుంది. రాయిస్ తల ఇనుప స్తంభానికి తగిలిన చప్పుడు నాకు వినబడింది. అయినా ఎనిమిది సెకన్లూ కూర్చున్నాడు. ఎద్దే ఉసూరుమంటూ గెంతింది. మార్కుల్లో సగం ఎద్దు ఆటకే, అందుకని వందకు అరవై ఎనిమిదే వచ్చాయి.

కంచె దగ్గరికి వచ్చి నా చొక్కా పట్టుకుని మెల్లగా అడిగాడు: "మన వంతు ఎప్పుడురా?"

నవ్వాను. వేళాకోళమనుకున్నాను. "ఇప్పుడే కదరా దిగావు."

"ఓహో," అన్నాడు. ఒక నిమిషం గడిచింది. "గ్లెన్, మన వంతు అయిందా?"

అప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఈలోగా జడ్జి పైనుంచి కేకేశాడు. "టాకెట్! నీ ఎద్దు నీరసంగా ఆడింది, పైగా స్తంభానికి కొట్టింది. మార్కులు ఉంచుకుంటావా, ఇంకో ఎద్దు ఎక్కుతావా? ఎక్కితే ఇవి పోతాయి. తొందరగా చెప్పు."

రాయిస్ నా వైపు చూశాడు. వాడు ఎప్పుడూ, దేనికీ నన్ను అడిగిన మనిషి కాదు. వాడికి జడ్జి మాటలు అర్థం కాలేదని నాకు తెలుసు. "వీడికి తల దిమ్మెక్కింది, ఆపెయ్యండి" అని నేనొక్కమాట అంటే చాలు. అనలేదు. మర్యాద అడ్డొచ్చిందని అందరికీ చెప్పుకున్నాను. అసలు సంగతి ఇది: అరవై ఎనిమిదికి బహుమతి డబ్బు రాదు, అది లేకుండా వాడు పదిహేనులోకి రాలేడు. వాడు వెళ్లాలని వాడికంటే నాకే ఎక్కువ ఆశ.

"ఎక్కుతాడు," అన్నాను.

తాడు నేనే లాగాను. "ఇంకొంచెం," అన్నాడు. ఇంకొంచెం లాగాను. మూడో సెకనుకు వాడు తాడు పట్టిన చేతికి అవతలి పక్కకు ఒరిగాడు, చెయ్యి మాత్రం తాడులోంచి రాలేదు. నేను దూకి ఆ చుట్టు విప్పేసరికి ఎద్దు వాణ్ణి మైదానం సగం ఈడ్చుకుపోయింది.

బతికాడు. నడుస్తాడు, తింటాడు, వాండాను గుర్తుపడతాడు. కొత్త సంగతి ఏదీ పావుగంట నిలవదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ప్రతి ఆదివారం వాళ్లింటికి వెళ్లి కంచె బాగుచేస్తాను, గిన్నెలు కడుగుతాను. ఒకసారి ధైర్యం చేసి వాండాకు జరిగింది చెప్పాను.

"నాకు ఎప్పుడో తెలుసు. చెప్పకుండానే అంట్లు తోమే మగాణ్ణి నేనెక్కడా చూళ్లేదు," అంది. కాఫీ పోసింది. నన్ను రావద్దని మాత్రం అనలేదు. అంటే బాగుండుననిపిస్తుంది కొన్నిసార్లు.

మొన్న ఆదివారం కూడా రాయిస్ వాకిట్లో కుర్చీలో కూర్చుని, కుడి అరచేతిని మూస్తూ తెరుస్తూ ఉన్నాడు. నన్ను చూడగానే ఎప్పటిలాగే అడిగాడు.

"గ్లెన్, మన వంతు అయిందా?"

"అయిపోయిందిరా," అంటూ పక్కన కూర్చున్నాను.

"ఎంతొచ్చింది?"

"అరవై ఎనిమిది."

"తక్కువే. ఇంకో ఎద్దు ఇస్తామన్నారా?"

"అన్నారు. నువ్వు అలిసిపోయావు కదా, వద్దని నేనే చెప్పేశాను."

 రాయిస్ నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"మంచి పని చేశావురా," అన్నాడు.