మేస్త్రీ గారు కుదిర్చిన జత

మా కారు మేస్త్రీ గారు మొన్న మంగళవారం పొద్దున గుండెపోటుతో పోయారు. అద్దంకిలో మా కాలేజీ స్టాఫ్ రూములో ఉండగా ఫోను వచ్చింది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ "మరి గురువారం ఎట్టాగండీ?" అంది. అనేసి, సిగ్గుపడి కళ్ళు తుడుచుకుంది. నాకూ ముందు వచ్చిన ఆలోచన అదే, పైకి అనలేదంతే.

ఆమెకు వారానికి రెండుసార్లు ఒంగోలులో డయాలసిస్. బస్సు ప్రయాణం ఆమె తట్టుకోలేదు. మాకున్నది ఒక పాత కారు. అది ఆదివారం నుంచి దారిలో తడబడుతోంది, "మంగళవారం తీసుకురండి, చూద్దాం" అన్నారు మేస్త్రీ గారు. దాని ఇగ్నిషన్ సామాను తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ప్లగ్గుకు నిప్పురవ్వనిచ్చే కాయిల్ ఒక కంపెనీది, ఆ కాయిల్‌కు కరెంటు ఎప్పుడివ్వాలో ఎప్పుడాపాలో చూసుకునే మాడ్యూల్ ఇంకో కంపెనీది. ఆ రెంటినీ కలిపి ఇన్నేళ్ళు నడిపించిన ఘనత ఆయనది.

"కంపెనీ పేరు డబ్బా మీద ఉంటది మాస్టారూ, కరెంటుకి తెలవదు" అనేవారు. అలాగని ఏది దొరికితే అది తగిలించే మనిషి కాదు. ఏ జతనైనా ముందు తన సొంత బండికి బిగించి పది రోజులు తిరిగేవారు. ఆ తర్వాత ఇంజిను ఆడుతుండగా ఎడమ అరచెయ్యి మాడ్యూల్ మీద ఆనించి, కుడిచేత్తో టీ తాగేవారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వేడికి చెయ్యి తియ్యకుండా ఉండగలిగితేనే ఆ జత ఖాయం.

పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కదా, నాకు ఇదంతా నాటువైద్యంలా కనిపించేది. ఒకసారి గుంటూరులో బాగా పవరున్న కాయిల్ అని చెబితే కొనుక్కొచ్చాను.

"ఇది కరెంటు ఎక్కువ లాగుద్ది మాస్టారూ. మీ మాడ్యూల్ తట్టుకోదు" అన్నారు.

"ఏదైనా పన్నెండు వోల్టులేగా" అన్నాను. ఆయన వద్దంటున్నా వినకుండా ఇంట్లో నేనే బిగించుకున్నాను.

ఒంగోలు నుంచి వస్తుంటే మేదరమెట్ల దాటాక మిట్టమధ్యాహ్నం బండి ఆగిపోయింది. వెనక సీట్లో మా ఆవిడ డయాలసిస్ చేయించుకుని వాడిపోయి ఉంది. మేస్త్రీ గారు మోపెడ్ మీద వచ్చారు. ఒక్క మాట దెప్పలేదు. నా వేలు పట్టుకుని మాడ్యూల్‌కి తాకించారు, చుర్రుమంది. డిక్కీలో ఉన్న పాత కాయిల్ తిరిగి బిగిస్తూ, "అసలు ఎందుకు ఎక్కువ లాగుద్దో చెప్పండి, నాకూ తెలియాలిగా" అని అడిగారు. కాయిల్ తీగ నిరోధం తగ్గితే కరెంటు ఎట్లా పెరుగుతుందో ఆ రోడ్డు పక్కన నిలబడి చెప్పాను. మా క్లాసులో ఏ పిల్లవాడూ అంత శ్రద్ధగా వినలేదు. నిజం చెప్పాలంటే ఆ పాఠం నాకు పూర్తిగా అర్థమైందీ ఆ రోజే.

బుధవారం ఖననం అయ్యాక, ఇంటికి వెళ్ళకుండా, తడబడే బండిని షెడ్డు దగ్గరికే పోనిచ్చాను. షట్టరు మూసి ఉంది. దాని ముందు నాలుగైదు కార్లు, బానెట్లు ఎత్తి ఉన్నాయి. "నీ బండిలో ఏం పెట్టాడు?" అని బండ్లవాళ్ళు ఒకరి ఇంజిన్లోకి ఒకరు తొంగి చూస్తున్నారు. నేనూ చూశాను. దర్శి వైపు మిరప రైతు ఒకాయన కారులో అచ్చంగా మా జతే ఉంది.

"మీరు ఫిజిక్స్ మాస్టారేనా?" అన్నాడాయన. "ఈ రకం రెండే చేశాడంట. ఆసుపత్రి బండి ఎప్పుడన్నా మొరాయిస్తే నీ జత విప్పి ఇయ్యాల అని నా దగ్గర మాట తీసుకున్నాడు."

"మరి మీకో?"

"కాయ కోతకి ఇంకా టైముందిలెండి. రేపు మీరెళ్ళాలిగా" అంటూ స్పానర్ తీసి విప్పడం మొదలుపెట్టాడు. మా బండికి బిగించి, ఇంజిను చప్పుడులో తడబాటు పోయిందని విని, బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపాగలేదు.

గురువారం పొద్దున షెడ్డు ముందునుంచే ఒంగోలు బయలుదేరాం. రైతు కారు అక్కడే ఉంది, బానెట్ ఎత్తే ఉంది, లోపల రెండు వైర్లు వేలాడుతున్నాయి. మా ఆవిడ బండి ఆపమంది. మెల్లగా దిగి వెళ్ళి, రెండు చేతులతో ఆ బానెట్ మూసి వచ్చింది.