చప్పుడు లేదు

ఆ మధ్యాహ్నం నా గాజు గది తలుపు దగ్గర నిలబడి నన్ను ఆ ఒక్క మాట అడిగినప్పుడు, ఆయనకు అప్పటికే తెలుసా? తెలిసే అడిగాడా, తెలియక అడిగాడా? ఇన్నేళ్లుగా చదివిన పుస్తకాల్లో మనుషులు ఒకరినొకరు మోసం చేసుకోవడం చాలానే చూశాను గానీ, ఈ ప్రశ్నకు జవాబు మాత్రం ఎక్కడా కనబడలేదు.

ఆయన కార్లలో స్టీరియోలు బాగుచేసేవాడు. అన్ని కార్లలోనూ కాదు, స్పోర్ట్స్ కార్లలో. రెండే సీట్లుండి, నేలకు జానెడు ఎత్తున పాకుతున్నట్టు పోయే బండ్లు. కంపెనీవాళ్లు ప్రాణమంతా ఇంజనులో పెట్టి, స్టీరియో దగ్గరికొచ్చేసరికి సవతి తల్లి ప్రేమ చూపిస్తారని ఆయన అనేవాడు. బండి అదురుకు సెట్టు వెనకాల వైర్లు వదులవుతాయి. ఎండకు తెర నల్లబడుతుంది. సీటు కింద ఆంప్లిఫయర్లోకి తడి చేరి పాట మధ్యలో గొంతు పోతుంది. అన్నిటికన్నా మొండి జబ్బు ‘గీ’. ఇంజను వేగం పెంచిన కొద్దీ స్పీకర్లలోంచి దోమ గొంతుతో లేచే సన్నటి కూత. చాలామంది షాపులవాళ్లు దానికి భయపడి సెట్టు మార్చేస్తారు. కొత్త సెట్టు కూడా అదే కూత కూస్తుంది.

ఆయన పద్ధతి వేరు. బండి రాగానే సెట్టు ముట్టుకునేవాడు కాదు. లోపల కూర్చుని, అద్దాలెత్తి, కళ్లు మూసుకుని, వేలి కణుపుతో డాష్‌బోర్డు మీద అక్కడక్కడా తట్టేవాడు. పుచ్చకాయ కొనేవాడు తట్టినట్టు. లైట్లు వేయించేవాడు, వైపర్లు తిప్పించేవాడు, ఒక్కొక్కటే. సెట్టు నిజంగా చచ్చిపోయిందనుకుంటేనే పీకేవాడు. పని అంతా అయ్యాక చివరి పరీక్ష ఒకటుండేది. సెట్టు ఆన్ చేసి, సౌండు సున్నాకి తిప్పి, ఇంజను రేపి, ఏమీ వినబడని దాన్ని వినేవాడు.

“పాట వినేది కస్టమరు. పాట లేనప్పుడు వినేది మెకానిక్కు,” అనేవాడు.

ఆ తర్వాత నా గదికొచ్చి, గుమస్తాగా నేను రాసిన జాబ్ కార్డు కింద తన చేత్తో రెండు మాటలు రాసేవాడు: చప్పుడు లేదు. ఆ రెండు మాటలు పడితే తప్ప మా వర్క్‌షాపులోంచి బండి కదిలేది కాదు. పదకొండేళ్లలో ఆ మాట తప్పడం నేను చూడలేదు.

వర్క్‌షాపు ఓనరు ఆయన భార్యకు సొంత తమ్ముడు. బావగారి చెవి వల్లే షాపుకు పేరొచ్చిందని బయట అందరికీ చెప్పేవాడు, లోపల మాత్రం ఆ చెవే అతనికి కంట్లో నలుసు. బావమరిదికి బావను ఏడిపించే హక్కు పుట్టుకతో వస్తుంది కదా, దాని చాటున అతను ఏమైనా అనేవాడు. మిగతావాళ్లం ఆయన్ని చెవిమామ అనేవాళ్లం. నన్ను ఆయన ‘పుస్తకం’ అని పిలిచేవాడు, సొరుగులో ఎప్పుడూ ఒకటి తెరిచి ఉండేది కాబట్టి. “ఏం పుస్తకం, ఎందాకా వచ్చావు?” అనేవాడు వెళ్తూ వెళ్తూ. ఆగి వినేవాడు కూడా. వినడం ఆయనకు పని కాదు, అలవాటు.

ఒకసారి టీ తాగుతూ తన తండ్రి సంగతి నాకు చెప్పాడు. తండ్రికి పిండిమర ఉండేది. ముప్పై ఏళ్లు ఆ మోతలో నిలబడి, నలభై ఐదో ఏటికి పూర్తిగా చెవిటివాడయ్యాడు. ఇంకా కొంచెం వినబడుతున్న రోజుల్లో, ఈయనా ఈయన అక్కా కలిసి తండ్రి ముందు కూర్చుని ఉత్త పెదాలు కదిపేవాళ్లట, గొంతు లేకుండా. పాపం ఆయన చెవి దగ్గరికి తెచ్చి “ఏంటమ్మా, ఏంటీ?” అనేవాడట. పిల్లలిద్దరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్లట.

“ఆ చెవిటితనం సగం పిండిమరది, సగం మాది,” అన్నాడు. గ్లాసు అడుగున మిగిలిన టీ పారబోసి లేచిపోయాడు.

ఆ కథ నాకొక్కడికే చెప్పాడు. నేను నలుగురికి చెప్పాను. చెడ్డ ఉద్దేశంతో కాదు. నాకు జనంలో మాట్లాడటానికి ఏమీ ఉండేది కాదు. ఒక మంచి కథ దొరికింది, చెప్పాను. పెదాలు కదిపి చూపించాను కూడా. బాగా నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది సీట్లవాడు. బండి లోపలి తొడుగులు, తలుపు అట్టలు అతని పని.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక కస్టమరు తలుపు స్పీకరు గరగరమంటోందని వచ్చాడు. చెవిమామ తట్టి చూసి, కస్టమరు ముందే అన్నాడు: “ఇది స్పీకరు గోల కాదు సార్. తలుపు అట్ట గోల. రెండు క్లిప్పులు తక్కువ బిగించారు. అవి ఎవరి జేబులోనో ఉంటాయి.”

కస్టమరుకు సరదా పుట్టింది. సీట్లవాణ్ని పిలిపించి జేబులు తిప్పమన్నాడు. అతను తిప్పాడు. బీడీ కట్ట, అగ్గిపెట్టె, రెండు క్లిప్పులు. చెవిమామ ఆ క్లిప్పులు తీసుకుని, అతని మొహం వైపు చూడకుండా, “జేబులో పెట్టుకుంటే తలుపు ఊరుకుంటుందా నాయనా?” అన్నాడు. అందరం నవ్వాం. ఆయన కూడా మెత్తని మనిషేమీ కాదు, ఆ సంగతి కూడా చెప్పాలి.

మర్నాడు పొద్దున ఆట మొదలైంది.

ఒక బండి ఇంజను ఆడుతోంది. సీట్లవాడు చెవిమామ ఎదురుగా నిలబడి పెదాలు కదిపాడు. గొంతు లేదు. పక్కనున్న బ్యాటరీలవాడు గట్టిగా, “అవునవును, నాలుగింటికే,” అన్నాడు.

“ఏంటి నాలుగింటికి?” అన్నాడు చెవిమామ.

“ఇప్పుడే చెప్పాడుగా మామా.”

“ఏం చెప్పాడు?”

“వినబడలేదా?” ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు, జాలిపడ్డట్టు.

తండ్రి మీద పిల్లలు ఆడింది మొరటు ఆట. సీట్లవాడు దాన్ని నున్నగా చేశాడు: ఒకడు గొంతు లేకుండా అడగాలి, ఇంకొకడు గొంతెత్తి జవాబివ్వాలి. అప్పుడు వినబడనిది ఒక్కడికే అవుతుంది. వారం తిరిగేసరికి పెయింటు పనివాళ్లు చేరారు. రెండో వారం ఓనరు చేరాడు. “బావా,” అని గట్టిగా పిలిచి, ఆయన తిరిగాక మూగగా నాలుగు మాటలు కదిపి, వెళ్లిపోయేవాడు. చెవిమామ పానా చేత్తో పట్టుకుని అలాగే నిలబడేవాడు. ఏ పని చెప్పి వెళ్లాడో తెలియక, మళ్లీ అడగడానికి మొహం చెల్లక. పేరు కూడా మారింది. చెవిమామ పోయి చెవిటిమామ అయ్యాడు. మొదట వెనకాల, తర్వాత ముందే. నేను ఆడలేదు. గాజు గదిలోంచి చూసేవాణ్ని, పుస్తకం తెరిచి పెట్టుకుని.

ఆయన టీకి రావడం మానేశాడు. జనం పెదాల వైపు చూసి మాట్లాడటం మొదలుపెట్టాడు. అది మరీ చెరుపు చేసింది, ఎందుకంటే పెదాలు నిజంగానే కదిలేవి.

ఒక రోజు ఆయన భార్య వచ్చింది. ఆస్పత్రిలో ఫోన్లెత్తే ఉద్యోగం ఆవిడది. ఎంత మెల్లగా మాట్లాడినా చివరి అక్షరం దాకా వినబడే గొంతు. నా గదికి ఆనుకునే నిలబడి తమ్ముణ్ని అడిగింది.

“మీ బావ ఇంట్లో గోడ గడియారం ఆపేసి తొమ్మిదేళ్లయిందిరా, టిక్కుటిక్కుమంటే నిద్ర పట్టదని. మొన్న కుర్చీ వేసుకుని ఎక్కి కీ ఇచ్చాడు. దాని కింద కూర్చుని వింటున్నాడు. వినబడుతోందా అంటే, వినబడుతోంది, మనుషులే వినబడటం లేదంటాడు. ఇక్కడేమన్నా అయిందా?”

“వయసక్కా,” అన్నాడు ఓనరు. “వాళ్ల నాన్నకూ అంతేగా. వంశంలో ఉంది.”

“డాక్టరు దగ్గరికి రమ్మంటే రానంటున్నాడు.”

“భయం. వెళ్తే తేలిపోతుందని.”

ఆవిడ గాజులోంచి నా వైపు చూసింది. నేను కాగితాలు సర్దుకున్నాను.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం అన్నాల వేళ, అందరూ వెనక షెడ్డులో ఉండగా ఆయన నా దగ్గరికి వచ్చాడు. తలుపు తెరిచి గడప మీదే నిలబడ్డాడు.

“పుస్తకం, ఒక్క మాట. నువ్వు అబద్ధం చెప్పవు.”

“చెప్పు మామా.”

“ఇందాక బండి పక్కన సీట్లవాడు నాతో ఏదో అన్నాడు. నువ్వు ఇక్కణ్నుంచి చూస్తూనే ఉన్నావు. నీకు వినబడిందా?”

అక్కడ నాకు ఒక అవకాశం ఉంది. అది ఎంత పెద్దదో అప్పుడే తెలుసు. తర్వాత తెలిసింది అనుకోవడం నేను నాకు చెప్పుకునే కథ. లేదు అంటే, మర్నాటి నుంచి ఆ పెదాలన్నీ నా వైపు తిరుగుతాయి. పైగా ఆ పిండిమర కథ వాళ్లకు ఎవరు చెప్పారో బయటికొస్తుంది.

“వినబడింది,” అన్నాను.

ఆయన నా మొహం వైపు కొంచెంసేపు చూశాడు. “అయితే సరే,” అన్నాడు.

ఆ ఆట పుట్టించినవాడు ఆయనే. చిన్నప్పుడు తానే ఆడిన ఆట, తనే నోరారా నాకు చెప్పిన ఆట. అలాంటివాడు గుర్తుపట్టలేదా? గుర్తుపట్టి, నేను ఏమంటానో చూద్దామని వచ్చాడా? లేక తండ్రికి చేసింది ఇలా తిరిగొచ్చిందని, శిక్ష తలవంచి పుచ్చుకున్నాడా? ఎటు తిప్పినా నా మాట ఒక్కటే: వినబడింది.

ఆ వారంలోనే పళ్ల డాక్టరమ్మ పసుపుపచ్చ బండి వచ్చింది. కంపెనీ సెట్టు దారిలో ఆగిపోతోంది, ఆగనప్పుడు కూస్తోంది. ఆయన చూసి, సెట్టు లోపల సర్క్యూట్ పలక కాలిపోయిందని తేల్చి, దాన్ని పీకి కొత్తది పెట్టాడు. సెట్టును బండి రేకుకు కలిపే ఎర్త్ వైరు బ్యాటరీలవాడు బిగించాడు. సాయంత్రం చివరి పరీక్ష. సౌండు సున్నా, ఇంజను రేగింది. ఆయన కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు. తలుపు తీసి సీట్లవాణ్నీ బ్యాటరీలవాణ్నీ పిలిచాడు.

“సన్నగా గీ అంటోంది. వినండి.”

సీట్లవాడు తల లోపల పెట్టి శ్రద్ధగా విన్నాడు. “ఏమీ లేదు మామా.”

బ్యాటరీలవాడు విన్నాడు. “శుద్ధంగా ఉంది. చెవులు పోయేముందు లోపలే గీ అంటుందట. అదొక లక్షణం.”

ఆయన మళ్లీ ఇంజను రేపాడు. మళ్లీ విన్నాడు. చాలాసేపు బండి లోపలే కూర్చున్నాడు. చివరికి నా గదికొచ్చి కలం తీసుకున్నాడు. చెయ్యి కాగితం మీద ఆగింది. తర్వాత రాశాడు: చప్పుడు లేదు.

మూడో రోజు డాక్టరమ్మ బండి తెచ్చి గేటులోనే ఆపింది. “పాత సెట్టే నయం. ఇది నిన్నంతా దోమలా కూస్తూనే ఉంది. అంత పెద్ద కూత మీలో ఒక్కరికీ వినబడలేదా?”

ఓనరు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. “క్షమించాలి మేడమ్. మా బావగారు. చెవులు పోయాయి. ఇంటి మనిషి కదా అని పనిలో ఉంచుకున్నాం. ఇంక చూసుకుంటాం.”

ఆయన పక్కనే ఉన్నాడు. డాక్టరమ్మ మొహంలో కోపం పోయి జాలి వచ్చింది. ఆయన వైపు తిరిగి, చంటిపిల్లలతో మాట్లాడినట్టు, ఒక్కొక్క అక్షరం విడదీసి పెద్దగా అంది: “పర… వా… లేదు… పెద్దా… యనా.” వెనకాల ఎవరో ముక్కుతో నవ్వారు.

ఆ ఊపులో సీట్లవాడు ఆగలేకపోయాడు. ఆవిడ వెనకనుంచి ఆయన ఎదురుగా వచ్చి, ఆయన వైపు చూస్తూ ఒక పొడుగాటి మాట పెదాలతో కదిపాడు. “ఆ, ఆ, అదే చెయ్యండి,” అన్నాడు బ్యాటరీలవాడు, అలవాటు కొద్దీ.

డాక్టరమ్మ ఇద్దర్నీ చూసింది. రోజంతా జనం నోళ్లలోకి చూసే మనిషి.

“అతను ఏమీ అనలేదు కదా,” అంది మామూలుగా. “ఉత్తినే నోరు కదిపాడు. నువ్వు దేనికి జవాబు చెప్పావు?”

ఎక్కడో కంప్రెసరు ఆగింది. ఆ నిశ్శబ్దంలో చెవిమామ సీట్లవాడి వైపు చూడలేదు. బావమరిది వైపు చూడలేదు. గాజులోంచి నా వైపు చూశాడు.

తర్వాత డాక్టరమ్మ చేతిలోంచి తాళం తీసుకుని బండిలో కూర్చున్నాడు. సౌండు సున్నా. ఇంజను రేగింది. ఈసారి కళ్లు మూసుకోలేదు. దిగి, డాష్‌బోర్డు కింద వంగి, బ్యాటరీలవాడు బిగించిన బోల్టు విప్పాడు. కింద రేకు మీద రంగు అలాగే ఉంది; అది గీకకుండానే బ్యాటరీలవాడు బిగించాడు, ఎర్త్ అందక అదే కూసింది. ఆయన గరుకు కాగితంతో రంగు గీకి, రేకు తెల్లగా తేలాక బిగించి, మళ్లీ కూర్చుని విన్నాడు. పది నిమిషాల పని. అంతసేపూ మేమందరం ఎక్కడివాళ్లం అక్కడే నిలబడ్డాం.

నా గదికొచ్చాడు. పాత కార్డు వెతికి తీయమని చేత్తోనే సైగ చేశాడు. తాను ముందు రాసిన రెండు మాటలు కొట్టేసి, వాటి కింద ఆ రెండు మాటలే మళ్లీ రాశాడు. తేదీ వేశాడు. కలం మూత పెట్టి బల్ల మీద పెట్టాడు. గూటిలోంచి అన్నం డబ్బా తీసుకుని, పనిముట్లు ఎక్కడివి అక్కడే వదిలేసి, గేటు వైపు నడిచాడు.

“బావా,” అని పిలిచాడు ఓనరు. మామూలుగా పిలిచాడు, తర్వాత గట్టిగా పిలిచాడు, తర్వాత అరిచాడు. రెండు బండ్ల అవతల స్క్రూ వదులైతే పట్టుకునే చెవి అది. ఆయన వెనక్కి తిరగలేదు.

“పాపం, వినబడలేదేమో,” అన్నాడు సీట్లవాడు. కొందరు నవ్వారు.

గేటుకు వెళ్లాలంటే నా గాజు గది ముందునుంచే వెళ్లాలి. నేను లేచి అద్దం పక్కకు జరిపాను. మామా అందామని నోరు తెరిచాను. ఇంకేదో కూడా అందామనుకున్నాను. పెదాలు కదిలాయి. గొంతు పెగల్లేదు.

ఆయన ఆగి నా పెదాల వైపు చూశాడు. తర్వాత డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, గేటు దాటి, రోడ్డు మీద బండ్ల మోతలోకి వెళ్లిపోయాడు.