సన్నక్షరాల్లో సూది

ఆ లాండ్రీలో అందరూ ఆమెను బుకింగక్క అంటారు. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ తువ్వాళ్ళూ టన్నుల లెక్కన ఉతికే చోటు అది. ఏ లారీలో ఏ సంచులొస్తున్నాయి, వేటిని వేడినీళ్ళలో వెయ్యాలి, వేటిని విడిగా పెట్టాలి అన్నది చీటీ రాసి లోపలికి అందించడం ఆమె పని. పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. కుర్చీ వెనక ఒక అద్దాల కిటికీ, కింద చీటీ పట్టేంత సందు, అవతల సంచులు విప్పే హాలు. ఆ హాల్లో పదకొండు మంది ఆడవాళ్ళు.

మొదట్లో ఫోన్లు వచ్చేవి. అర్థం కాకపోతే ఆసుపత్రి నర్సునే మళ్ళీ అడిగేది. ఇప్పుడన్నీ ఈమెయిళ్ళు, రోజుకు నూటికి తక్కువ ఉండవు. తెర మీద అక్షరాలన్నీ చీమల బారులే. అవీ నల్లచీమలు కావు, బూడిద రంగువి. ముఖ్యంగా పెద్దాసుపత్రి నుంచి వచ్చేవి: పైన అరచేయంత బొమ్మలో ఒక నర్సు నవ్వుతూ ఉంటుంది, దాని కింద నీలం రంగులో నమస్కారం, ఆ తర్వాత సంచుల పట్టిక. అన్నిటికీ అడుగున, చిరునామా కింద, ఫోన్ నంబర్ల కింద, మంచు పట్టిన అద్దం మీద వేలితో రాసినట్టు రెండు లేత లైన్లు. మనిషి చేతులకు సంబంధించిన మాట ఎప్పుడూ ఆ రెండు లైన్లలోనే ఉంటుంది.

ఆ మంగళవారం హాల్లో పొడుగమ్మాయి ఒక ఆకుపచ్చ సంచి విప్పింది. దుప్పటి మడతలో ఉన్న సూది పల్చటి చేతితొడుగును చీల్చుకుని ఆమె నడిమివేల్లో దిగింది. వాడేసిన సూది. ఎవరికి వాడారో ఎవరికీ తెలియదు. రక్తం ఇప్పుడోసారి, ఆరు వారాలకోసారి, ఆర్నెల్లకోసారి పరీక్ష చేస్తే గాని ఏ సంగతీ చెప్పలేమన్నారు డాక్టర్లు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు బుకింగక్క బల్ల దగ్గరికి వచ్చాడు.

"మెయిల్లో రాసుంది కదా మేడమ్. ఆకుపచ్చ సంచుల్లో సూదులుండొచ్చు, మందపాటి తొడుగులు వాడండి అని. మీ చీటీలో ఆ ముక్క లేదు."

ఆమె తెరకు ముక్కు ఆనించి వెతికింది. ఉంది. అడుగున ఆ లేత లైన్లలో ఉంది.

"నేనేం తప్పు పట్టట్లేదు. వయసు మీద పడ్డాక ఎవరికైనా అంతే. చూపు మందగించి చూసుకోలేదని ఒక కాగితం రాయించి తెస్తాను, శుక్రవారం సంతకం పెట్టండి. మడతల సెక్షన్‌కి పంపేస్తాం, అక్కడ చదివే పనుండదు."

ఆ కాగితం మీద సంతకం పడితే తప్పు తొడుగులది కాదు, సంచిది కాదు, లాండ్రీది అసలే కాదు, ఒక ఆడమనిషి కళ్ళది. పొడుగమ్మాయి సంగతి ఇక లాండ్రీకి పట్టదు. చేతులు కడిగేసుకుంటారు. ఉతకడం, కడగడం వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్యే కదా.

ఆ సాయంత్రం ఆమె తిన్నగా కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళింది. షాపాయన అద్దాలు మార్చి మార్చి చూసి, "రెండేళ్ళ కిందటి పవరేనమ్మా. కొత్త జోడు నీకు అంటగట్టడానికి నాకు మనసొప్పట్లేదు" అన్నాడు. అప్పటిదాకా ఏడుపుగా ఉన్నది అక్కడ కోపంగా మారింది.

ఇంట్లో ఆమె భర్త ముప్పై ఏళ్ళు షాపులకు బోర్డులు రాసినవాడు. మెయిల్ కాపీ కాగితం మీద తీసి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చెయ్యి చాచి చూశాడు, దగ్గరికి తెచ్చి చూశాడు, లైటు కిందికి తీసుకెళ్ళాడు.

"ఇది రాసినవాడికి చదివించాలని లేదోయ్."

"రాసి ఉంది కదా అంటున్నారు మా వాళ్ళు."

"రాయడం వేరు, చదివించడం వేరు. తెల్లగోడ మీద లేత బూడిదతో రాస్తే షాపాయన నన్ను నిచ్చెన మీంచి దింపి తన్నేవాడు. లేత రంగు మీద ముదురు అక్షరం రాయాలి. లావుగా ఉండాలి. లైనుకీ లైనుకీ మధ్య గాలి ఆడాలి. తల తిప్పకుండా చదివేంత పొడవే ఉండాలి లైను."

"అది నీ బోర్డయ్యా. ఇది కంప్యూటరు."

"గోడ మీదున్నా గాజు మీదున్నా అక్షరం అక్షరమే."

గురువారం భోజనాల వేళ ఆఫీసు ఖాళీ కాగానే ఆమె మెయిల్ సెట్టింగులు తెరిచింది. పంతొమ్మిదేళ్ళలో వాటి జోలికి పోలేదు, ఏది నొక్కితే ఏది పోతుందోనని. ముందు అక్షరం పెంచింది. లైన్లు తెర దాటి పారిపోయాయి. తెర మీది మెయిల్ కిటికీని సన్నగా లాగి వాటిని లోపలికి తెచ్చింది. వెనక తెలుపు తీసి లేత పసుపు పెట్టింది, అక్షరం నలుపు చేసింది. లైన్ల మధ్య ఎడం పెంచింది. చివర్లో "సాదా అక్షరాలుగా చూపించు" అన్న గడి కనిపించింది. నొక్కింది.

నర్సు నవ్వు పోయింది. నీలం నమస్కారం పోయింది. మాట మాత్రం మిగిలింది. అన్ని అక్షరాలూ ఒకే సైజు, ఒకే నలుపు. అడుగున దాక్కున్న హెచ్చరిక పట్టికతో సమానంగా వచ్చి నిలబడింది.

దానితో పాటు ఇంకొకటీ వచ్చింది. మెయిల్ చివర ఎప్పుడూ మూడు చుక్కలు ఉండేవి. వాటి వెనక పాత ఉత్తరాలు ముడుచుకుని ఉంటాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడవి వాటంతటవే విప్పుకున్నాయి. పై వరసలో ఈ ఉత్తరం ఎవరెవరికి పంపారో కూడా కనిపించింది. మొదటి పేరు మేనేజరుది. ఆమెది రెండోది. ఆరు వారాల కిందట ఆసుపత్రి అడిగింది: మందపాటి తొడుగులు మీ దగ్గర ఉన్నాయా, లేకపోతే ఆకుపచ్చ సంచులు ఆపేస్తాం. దాని మీద మేనేజరు జవాబు: ఆపవద్దు, మా ఆడవాళ్ళవి అలవాటుపడ్డ చేతులు, పల్చటి తొడుగులు చాలు.

ఆమె వెనక కిటికీ అవతల ఎవరో కూడబలుక్కుని చదువుతున్నారు. హాలుకంతా పెద్దది, సబ్బుల పిన్ని.

"అలవాటు... పడ్డ... చేతులు. ఎవరి చేతులే అవి?"

"మనవే పిన్నీ" అంది పొడుగమ్మాయి. ఆమె వేలికి కట్టు ఉంది.

తర్వాత పిన్ని, "అక్షరం పెద్దదైతే మనిషి ఎంత చిన్నగా కనబడుతున్నాడే" అంది.

మధ్యాహ్నం మేనేజరు అటు వచ్చేసరికి తెర మీద ఏదో హోటలు తువ్వాళ్ళ ఆర్డరు ఉంది. ఆ పెద్దక్షరాలే ఆయన మండిపడడానికి చాలాయి.

"ఏంటిది, సినిమా హాలా? కంపెనీ మెయిళ్ళు హాలంతా చదువుతోంది. తగ్గించండి."

"తగ్గిస్తే నాకు కనబడదు సార్. చూపు లేదని మీరేగా అన్నారు."

"అందుకే రేపు కాగితం తెస్తున్నా" అని వెళ్ళిపోయాడు.

శుక్రవారం తెచ్చాడు. కాగితం నిండా చిన్న అక్షరాలే. ఆమె కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఇదీ సన్నగానే కొట్టించారు. మెయిల్లో పంపండి సార్. చదువుకుని చెబుతా."

"రెండు నిమిషాల పని."

"అయితే రెండు నిమిషాల్లో పంపండి."

పళ్ళు కొరుకుతూ తన గదికి వెళ్ళి పంపాడు. వెంటనే తిరిగొచ్చి, పెన్ను పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. ఉత్తరం తెర మీద విప్పుకుంది, వేలెడు అక్షరాలతో. కిటికీ అవతల పదకొండు మొహాలు. పిన్ని గొంతు విప్పింది.

"నా చూపు... మందగించినందువల్ల... జరిగిన ప్రమాదానికి... పూర్తి బాధ్యత... నాదే."

"వీళ్ళెవరు చదవడానికి?" అన్నాడు మేనేజరు.

"చేతులున్నవాళ్ళు" అంది బుకింగక్క. దాని పక్కనే మంగళవారం మెయిల్ తెరిచి, పాత ఉత్తరాల దాకా దింపింది. "చూడండి సార్, మీ కళ్ళు మంచివి. పైన మొదటి పేరు ఎవరిది? కింద ఆ జవాబు ఎవరిది?"

ఆయన చూశాడు. పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

ఆమె జవాబు టైపు చేసింది. అదీ పెద్దక్షరాల్లోనే, కిటికీకి కనబడేలా: "ఈ కాగితం మీద సంతకం పెట్టను. నా కళ్ళు బాగానే ఉన్నాయి. పాత ఉత్తరాలు జతచేస్తున్నాను." ఓనరుకు, ఆసుపత్రికి, మేనేజరుకు, ముగ్గురికీ ఒకేసారి పంపింది. వెనక హాల్లో యంత్రాల చప్పుడు తగ్గింది. ఆకుపచ్చ సంచులు ముడి విప్పకుండా గోడ వారగా పేర్చి, ఆడవాళ్ళు వాటి మీదే కూర్చున్నారు.

ఓనరు ఆ సాయంత్రమే వచ్చాడు. "ఇంట్లో మాట బయటికి ఎందుకమ్మా" అన్నాడు. ఇంట్లో వాళ్ళ వేళ్ళలో సూదులు దిగినప్పుడు ఆయనకు ఆ ఇల్లు గుర్తు రాలేదు. సోమవారం మందపాటి తొడుగులు వచ్చాయి. సూది పనిలోనే దిగిందని, అంటే బాధ్యత లాండ్రీదేనని, ప్రమాదాల పుస్తకంలో రాశారు. అప్పుడు గాని సంచుల ముడి విడలేదు. మేనేజరు మేనేజరుగానే ఉన్నాడు. పొడుగమ్మాయి రెండో పరీక్షలో ఏమీ లేదన్నారు, మూడోది ఇంకా జరగాలి. అంతవరకు పిల్లలకు ముద్ద కలిపి పెట్టేటప్పుడు ఆమె ఆ వేలు ఎత్తిపెట్టి ఉంచుతుంది. అలా ఏమీ అంటదని డాక్టర్లు ఎంత చెప్పినా సరే. దానికి ఏ ఓనరు జవాబు చెబుతాడు?

బుకింగక్క అదే కుర్చీలో ఉంది. చీటీ రాసి సందులోంచి అందించేలోపే వెనక నుంచి పిన్ని చదివేస్తుంది: "నాలుగు ఆకుపచ్చవి, తొడుగులు వేసుకోండే."

కిందటి వారం మేనేజరు గోడకు ఒక నోటీసు అంటించాడు. కంప్యూటర్ తెరల మీద అక్షరాలు ఏ సైజులో ఉండాలో అందులో ఉందట. దాన్ని ఆమె ఇంతవరకు చదవలేదు. మరీ సన్నగా రాశారు.