లేని మిషనుకు జ్వరం

బందరు పక్క గిలకలదిండిలో ఎవరైనా కొండలమ్మను ఆపి, "మీ అమ్మాయి బెజవాడలో ఏం ఉద్యోగం చేస్తదండీ?" అని అడిగితే, ఆవిడ నెత్తి మీది చేపల గంప దించకుండానే జవాబు చెప్పేది.

"మిషన్లకి జ్వరం తెప్పిస్తదండీ. మళ్ళీ అదే తగ్గిస్తది. అందుకే జీతం."

విన్నవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. కూతురు నాగమల్లేశ్వరికి మాత్రం కోపం వచ్చేది కాదు. ఇంజనీరింగు చదువుకుని, ఉద్యోగంలో చేరి, ఎంతమందికి ఎన్ని రకాలుగా వివరించినా, తన పని గురించి అంత సూటిగా చెప్పడం తనకే చేతకాలేదు మరి.

ఆమె ఆఫీసు ఆటోనగర్లో, లారీలకు కమాన్ కట్టలు బిగించే షెడ్డు మీద ఒక మేడ గది. కింద సుత్తి పడ్డప్పుడల్లా పైన టీ గ్లాసులో టీ ఉలిక్కిపడుతుంది. యజమాని దుర్గాప్రసాద్ ఒకప్పుడు లారీలకు రకరకాల పాటల హారన్లు చేసి అమ్మి, జిల్లాలో సగం మందికి నిద్ర లేకుండా చేసిన మహానుభావుడు. ఇప్పుడు ఆ పాపం కడుక్కోవడానికన్నట్టు చేపల బళ్ళ కోసం ఒక చిన్న మిషను తలపెట్టాడు. బండిలోని ఐసు పెట్టెలో దాన్ని బిగిస్తే అది లోపలి చలిని కనిపెట్టుకుని ఉంటుంది. పెట్టె వేడెక్కితే సరుకు సొంతదారులకు ఫోను చేస్తుంది. ఫోనులో పలికే గొంతు నాగమల్లేశ్వరిదే. బయటివాళ్ళ చేత చదివిస్తే డబ్బులడుగుతారని దుర్గాప్రసాద్ ఆమె చేతే చదివించాడు: "అమ్మా, పెట్టె వేడెక్కింది. వెంటనే తలుపు తీసి చూడండి."

అంతా బాగానే ఉంది కానీ, ఆ మిషను ఇంకా పుట్టలేదు. బోర్డులు తయారై రావాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ముందుగా అందులో నడవాల్సిన ప్రోగ్రాము రాసి పరీక్షించే పని నాగమల్లేశ్వరి మీద పడింది. దానికోసం ఆమె కంప్యూటర్లో ఎమ్యులేటర్ అనేది ఒకటుంది. లేని మిషన్ని ఉన్నట్టుగా నడిపించడం దాని విద్య. లోపల పరుగెత్తే ప్రోగ్రాముకు, పాపం, తనకు ఒళ్ళే లేదన్న సంగతి తెలియదు.

ఆ లేని మిషను లోపల పెద్ద సంసారమే ఉంటుంది. ఎవరెవరున్నారర్రా అని అడిగితే ఒక్కొక్కరి పేరూ చెబుతుంది. అందులో థర్మామీటరును పట్టుకుని నీ గుణాలేమిటంటే అవీ చెబుతుంది. వేడి ఎంతంటే అంకె చెబుతుంది. ఇక నుంచి ఇంత అని మరో అంకె కొడితే కిక్కురుమనకుండా అంతకు మారిపోతుంది. అన్నీ అంత బుద్ధిమంతులేం కావు. గడియారం లాంటి కొన్నిటిని చూడనిస్తుంది కానీ చెయ్యి వేయనివ్వదు.

ఈ పనికి మరిగాక నాగమల్లేశ్వరికి లోకమంతా అలాగే కనబడసాగింది. హాస్టలు సాంబారులో ఉప్పు: మార్చొచ్చు, కానీ రోజూ అడగాలి. దుర్గాప్రసాద్ గారి పిసినారితనం: చూడొచ్చు, మార్చలేం. అమ్మ మొండితనం: చూడటానిక్కూడా కొంచెం ధైర్యం ఉండాలి.

ఆ మొండితనం వల్లే అసలు కథ మొదలైంది.

గిలకలదిండి రేవులో చేపలు కొని బెజవాడలో అమ్ముకునే ఆడవాళ్ళు కొందరు జట్టుగా ఒక బండి మాట్లాడుకున్నారు. గంపలతో బస్సెక్కితే కండక్టర్లు ఊరుకోరు కదా. అందుకని సరుకు బండిలో, మనుషులు బస్సులో. జట్టుకు పెద్ద కొండలమ్మ. బండి నడిపేది ఆవిడ సొంత తమ్ముడు గంగాధర్. పోయిన ఎండాకాలం సరుకు నాలుగైదుసార్లు మెత్తబడి పారబోసుకున్నారు. జట్టులో నోరు గల మనిషి బుల్లెమ్మ, "తప్పు ఐసుది కాదు, నీ తమ్ముడిది" అని మొహం మీదే అనేసింది. కొండలమ్మ తమ్ముణ్ణి వెనకేసుకొచ్చింది. తగువు ముదిరి, ఈ ఏడు జట్టు చీలిపోయేలా ఉంటే, కొండలమ్మ కూతురి మిషను సంగతి ఎత్తింది.

"మన బండికి అది పెడదాం. నా కూతురు మిషను ఒక్కసారి అబద్ధం చెప్పినా నేను పెద్దరికం దిగిపోతా. తర్వాత మీరు ఎవరి బండి మాట్లాడుకున్నా నోరెత్తను."

జట్టంటే ఆవిడకు ప్రాణం. భర్త పోయాక ఆవిడను నిలబెట్టింది ఆ ఆడవాళ్ళే. అలాంటి జట్టును తీసుకెళ్ళి కూతురి మాట మీద పందెం కాసింది. పందెం కాశాకే ఆ సంగతి నాగమల్లేశ్వరికి తెలిసింది. ఇక ఏం చేస్తుంది? శుక్రవారం పొద్దున్న మార్కెట్లో అందరికీ చూపిస్తానని ఒప్పుకుని, వాళ్ళ ఫోను నంబర్లన్నీ తెప్పించుకుని ప్రోగ్రాములో ఎక్కించింది. బుధవారం సాయంత్రం తల్లి ఫోను చేసి, "మిషను నడుస్తందా?" అని అడిగితే, "బ్రహ్మాండంగా నడుస్తోందమ్మా!" అంది సంబరంగా.

అక్కడే వచ్చింది తంటా. కొండలమ్మ లెక్కలో నడిచేదేదైనా ఎక్కడో ఒకచోట ఉండి నడవాలి. బండి కోసం చేసిన మిషను నడుస్తోందంటే బండిలోనే నడుస్తూ ఉండాలి. కూతురు ఎప్పుడో వచ్చి, చడీచప్పుడు లేకుండా బిగించి పోయిందనుకుని, ఆ మాటే జట్టంతటికీ చాటింపు వేసింది.

గురువారం పొద్దున్న నాగమల్లేశ్వరి ఆఫీసుకు వస్తూనే మిషనుకు జ్వరం తెప్పించడానికి కూర్చుంది. వేడిని నలభైకి మార్చింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. మళ్ళీ కొట్టింది. ఊహూ. అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. ఆ థర్మామీటరు డిగ్రీలో వెయ్యో వంతుల్లో లెక్క పెడుతుంది. నలభై కొడితే అది గడ్డకట్టే చలి కింద లెక్క. సున్నాలు తగిలించి నలభై వేలు కొట్టింది. వెంటనే తెర మీద ఎర్ర అక్షరాలు గంతులేశాయి. "అబ్బ, ఏం జ్వరమే నీకు!" అని మురిసిపోయి, అది అలా కాలుతుండగానే కింద టిఫిను బండి దగ్గర పెసరట్టు తినడానికి దిగింది. అల్లప్పచ్చడి బాగుందని ఇంకొకటి వేయించుకుంది.

నంబర్ల సంగతి ఆమెకు గుర్తే లేదు.

ఆ సమయానికి బందరు నుంచి వస్తున్న పల్లెవెలుగు బస్సు ఉయ్యూరు దాటుతోంది. ఉచిత టికెట్లు చేతుల్లో పెట్టుకుని జట్టు ఆడవాళ్ళు కునికిపాట్లు పడుతున్నారు. ఉన్నట్టుండి ఒక ఫోను మోగింది. వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత బస్సు బస్సంతా మోగింది. ఎవరి చెవిలో చూసినా నాగమల్లేశ్వరి గొంతే.

"ఎంత వేడే పిల్లా? సరిగ్గా చెప్పు!" అని కొండలమ్మ కేక పెట్టింది.

"అమ్మా, పెట్టె వేడెక్కింది. వెంటనే తలుపు తీసి చూడండి."

"చూస్తాం లేవే, ఎంతో చెప్పమంటన్నా!"

"అమ్మా, పెట్టె వేడెక్కింది..."

"దీనికి చెవుడొచ్చిందా ఏంటి?" అంది బుల్లెమ్మ. ఆమె ఫోనులోనూ అదే పాట.

కొండలమ్మ తమ్ముడికి ఫోను చేసింది. "ఎక్కడున్నావురా?"

"కంకిపాడు, అక్కా."

"అక్కడే ఆపు. పెట్టె వేడెక్కిందంట. తలుపు తియ్యాలి."

"తలుపా? తలుపెందుకక్కా? లోపల ఏమీ లేదు, చేపలేగా ఉన్నాయి!" అన్నాడు గంగాధర్. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే అదే.

బస్సు కంకిపాడు చేరేసరికి గంగాధర్ బండి తలుపుకు వీపు ఆనించి, చేతులు చాపి నిలబడి ఉన్నాడు. ఆడవాళ్ళు బిలబిలమంటూ దిగారు. వాళ్ళతో పాటు ఏ సంబంధమూ లేని ప్రయాణికులు సగం మందీ, చివరికి కండక్టరూ దిగారు. బుల్లెమ్మ గంగాధర్‌ను ఒక్క తోపు తోసి తలుపు లాగింది.

లోపల ఒక పక్క వంజరాలూ చందువలూ ఐసు కింద హాయిగా ఉన్నాయి. రెండో పక్క కానాగంత చేపల మీద ఐసు పలుకు లేదు. ఆ ఐసంతా మూలనున్న బుట్టల మీద ఉంది. బుల్లెమ్మ గోనెపట్టా ఎత్తి చూసింది. బుట్టల నిండా తాటిముంజలు! తెల్లగా, లేతగా, చేపల ఐసులో చల్లగా సేదదీరుతున్నాయి.

"బెజవాడలో ముంజలకి మంచి గిరాకీ అక్కా," అన్నాడు గంగాధర్ నేల చూపులు చూస్తూ. "రెండు బుట్టలేగదా అని..."

"పోయినేడు మా సరుకు పారబోయించింది నువ్వా!" అని కొండలమ్మ ఉగ్రురాలైంది. ఏడాది పాటు వెనకేసుకొచ్చిన తమ్ముడు. చేతికి అందిన ముంజను తీసి వాడి మొహాన కొట్టింది. లేత ముంజ, చిట్లి నీళ్ళు కారాయి. అది చూసి కండక్టరు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది.

ఈలోగా ఆటోనగర్లో నాగమల్లేశ్వరి మేడెక్కి, ఫోను చూసుకుని, తల్లి చేసిన కాల్సు చూసి, తెర మీద నంబర్లు చూసి, "చచ్చాను" అంది పైకే. నంబర్లన్నీ చెరిపేసి, బస్సుకు ఎదురెళ్దామని బందరు రోడ్డు మీదికి స్కూటీ తీసింది. దారి పొడుగునా ఆమెకు ఒకటే కనబడింది: నలుగురిలో తలదించుకున్న అమ్మ. మిషను అబద్ధం చెప్పింది. అమ్మ పందెం పోయింది. అదీ రెండో పెసరట్టు కోసం.

కంకిపాడులో ఆమెకు కనబడింది వేరు. రోడ్డు పక్కన ఆడవాళ్ళంతా బారుగా కూర్చుని బొటనవేళ్ళతో ముంజలు పొడుచుకుని జుర్రుతున్నారు. ఐసు మళ్ళీ కానాగంతల మీదికి చేరింది. గంగాధర్ అందరికీ ముంజలు అందించే పనిలో ఉన్నాడు.

"వచ్చిందర్రా నా బంగారం!" అని కొండలమ్మ లేచింది. "దొంగని పట్టింది దీని మిషనే!"

నాగమల్లేశ్వరి స్కూటీకి స్టాండు వేసింది. ఊరుకుంటే చాలు. ఎవరికీ ఏమీ తెలియదు, అమ్మ పెద్దరికం చెక్కుచెదరదు. కానీ రేపు నిజంగా మిషను పెట్టాక, దాని మాట వీళ్ళు నమ్మాలంటే?

"అమ్మా, మన బండిలో మిషనే లేదు," అంది. "అదింకా తయారు కాలేదు. నేను కంప్యూటర్లో ఉత్తుత్తి మిషనుకి జ్వరం తెప్పించా. మీ నంబర్లు తియ్యడం మర్చిపోయా. అది చెప్పింది అబద్ధం. తప్పు నాది."

ముంజలు జుర్రే చప్పుడు ఆగిపోయింది. కొండలమ్మ చేతిలోని ముంజ కింద పెట్టింది. మెల్లగా బుల్లెమ్మ వైపు తిరిగింది. పందెం పందెమే.

బుల్లెమ్మ నోట్లో ముంజ మింగి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"ఏమర్రా," అంది, "లేని మిషనే ఇంత పని చేస్తే, ఉన్న మిషను ఇంకెంత పని చేస్తదో! రేపు కాదు, ఇయ్యాలే పెట్టించండి. కొండలమ్మా, కూకో. పెద్దరికం నీ దగ్గరే ఉండనీ, నాకెందుకా తలనొప్పి."

మళ్ళీ నవ్వులు. కొండలమ్మ కూర్చుంది కానీ, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

సరుకు అమ్ముకున్నాక మధ్యాహ్నం ఆవిడ నేరుగా ఆటోనగర్ వచ్చి, ఖాళీ గంప చంకన పెట్టుకుని మేడెక్కింది. "ఏదే నీ మిషను?" అంది. నాగమల్లేశ్వరి తెర చూపించింది. నల్లటి తెర మీద నాలుగు వరసల అక్షరాలు.

"దీనికి ఒళ్ళేది?"

"లేదమ్మా."

"ఇప్పుడు జ్వరం ఎంతుంది?"

నాగమల్లేశ్వరి అడిగి చూసింది. నలభై వేలు. పొద్దున్న కంగారులో నంబర్లు చెరిపింది కానీ జ్వరం తగ్గించడం మరిచిపోయింది.

"అయ్యో! పొద్దుట్నించీ దీన్ని ఇట్టా వదిలేశావంటే!" కొండలమ్మ అరచేయి తీసుకెళ్ళి తెర మీద, నుదురు మీద పెట్టినట్టే పెట్టింది. "నిజంగానే కాలిపోతందే. ఎట్టా తగ్గిస్తారో చెప్పు."

నాగమల్లేశ్వరి తల్లి నంబరు ఒక్కటి మళ్ళీ ఎక్కించి, మీటలు చూపించింది. కొండలమ్మ చేపల వాసన వేసే చూపుడు వేలితో ఒక్కొక్కటే నొక్కింది. నాలుగు. సున్నా. సున్నా. సున్నా.

ఎర్ర అక్షరాలు పచ్చబడ్డాయి. కొండలమ్మ నడుం దగ్గర ఫోను మోగింది. పక్కనే కూతురు నిలబడి ఉండగా, ఫోనులో కూతురి గొంతు పలికింది.

"అమ్మా, పెట్టె చల్లబడింది. ఇక కంగారు పడకండి."

"సరేలే తల్లీ," అంది కొండలమ్మ ఫోనులోకి. "ఇంక పడుకో."