గోడకెక్కిన జవాబు

మా నాయన ఆ కాగితానికి గర్వంతో ఫ్రేము కట్టించాడని మా బంధువులంతా చెప్పుకుంటారు. మొన్న తమ్ముడు ఇంటికి రంగులు వేయిస్తూ, దాన్ని గోడ మీంచి దించి, ఫోటో తీసి అందరి ఫోన్లకూ పంపినప్పుడు కూడా అదే రాశాడు, మా నాయన అడిగితే సర్కారే జవాబిచ్చిందని. కింద వరసగా దండాలు. నేను పెట్టలేదు. గర్వమన్న మాట నేను నమ్మను, ఎందుకంటే ఆ జవాబు టైపు కొట్టింది నేనే.

బంగారుపాళ్యం దాటాక రోడ్డు పక్కనే మా ఊరి బస్టాపు. తిరుపతికి పోయే యాత్రికుల బస్సులు టీకి అక్కడ ఆగేవి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి వచ్చే ఆడకూలీలు అక్కడే దిగేవాళ్లు, మా నాయన టీ అంగడీ అక్కడే. ఆడవాళ్లకు మాత్రం మరుగు లేదు. అంగట్లో బోండాలు వేసే మా అమ్మ పొద్దున్నుంచి చీకటి పడేదాకా గుక్కెడు నీళ్లు తాగేది కాదు, ఎందుకో నా తోటి ఆడవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. నాయన మామిడి సీజనంతా ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరిగి, ఆ బస్టాపులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేని మాట వాస్తవమేనా, అయితే ఎప్పుడు కట్టిస్తారు అని అసెంబ్లీలో ప్రశ్న వేయించాడు.

నేనప్పటికి డిగ్రీ ముగించి చిత్తూరులో ఒక ఆఫీసులో టెంపరరీ టైపిస్టుగా చేరాను. అసెంబ్లీ ప్రశ్నలకు జిల్లా నుంచి వెళ్లే జవాబులు మా సెక్షనులోనే తయారయ్యేవి, వాటిని కొట్టేది నేనేనని చేరిన వారమే ఇంట్లో గొప్పలు చెప్పుకున్నాను కూడా. కార్బన్ కాగితాల మసి వేళ్లకంటిన నా ఈడు వాళ్లకు ఆ పద్ధతి తెలిసే ఉంటుంది. ప్రశ్న రాగానే ఎవరూ ఆ చోటికి పోయి చూడరు, పాత ఫైలు తీసి అలాంటిదానికి పోయినసారి ఏం చెప్పారో చూస్తారు. మా సూపరింటెండెంటు సత్యవేడు వైపు ఏదో ఊరికి ఇచ్చిన జవాబు నా ముందు పెట్టి, ఊరి పేరు మార్చి కొట్టమన్నాడు. అది మా ఊరేనని, అక్కడ ఏమీ లేదని చెప్పాను. ఆయన కోప్పడలేదు, ఇప్పటికీ నాకు మంట అదే.

"లేదని రాస్తే ఎందుకు లేదని ఇంకో ప్రశ్న వస్తాదమ్మా. ఉండాదని రాస్తే ఈడికే అయిపోతాది. ఈ కాగితం సాయంత్రం బస్సుకు పోవాల, కొట్టు."

కొట్టాను. వాస్తవం కాదు, మరుగుదొడ్డి ఉన్నది, వినియోగంలో ఉన్నది, కనుక రెండో ప్రశ్న ఉత్పన్నం కాదు. నాలుగు కాపీలు, ఒక్క తప్పు లేకుండా. ఉద్యోగం పోతుందన్న భయమని చెప్పుకోవచ్చు గానీ అంత భయం కూడా లేదు. కాగితం మీద ఉన్నాక ఎప్పటికైనా కట్టక తప్పదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చదువుకున్నదాన్ని కదా.

కొన్ని నెలలకు అచ్చయిన జవాబు ఎమ్మెల్యే ఇంటి నుంచి నాయన చేతికొచ్చింది. ఆ ఆదివారం నేను ఊళ్లోనే ఉన్నాను. కాగితం పట్టుకుని బస్టాపు చుట్టూ, ఫ్యాక్టరీ గోడ వెనక, చివరికి కంపచెట్ల మధ్య కూడా వెతికాడాయన. ఒక కండక్టరు బస్సు మెట్టు మీంచే, "ఏమప్పా, దొరికిందా సర్కారు దొడ్డి?" అని ఎగతాళి చేశాడు.

"అచ్చేసినారు గదబ్బా, ఉండే ఉంటాది. మన కండ్లకే కనపళ్లేదు" అన్నాడు నాయన, నవ్వకుండా. నేను బోండాల పిండి కలుపుతూ తల ఎత్తలేదు.

ఆ మరుసటి వారమే ఫ్రేము వచ్చింది. దేవుడి పటాల పక్కన కావలసినంత చోటున్నా అక్కడ పెట్టలేదు, ఆదివారాలు నేను అన్నానికి కూర్చునే చోటికి సరిగ్గా ఎదురుగోడకు మేకు కొట్టాడు. చనిపోయేదాకా దాని గురించి నన్ను ఒక్క మాట అడగలేదు.

ఇప్పుడు రోడ్డు వెడల్పయి ఆ బస్టాపే లేదు, అంగడీ లేదు. సర్కారు జవాబులు నేరుగా ఫోన్లోకే వస్తున్నాయి, వాటిలో అన్నీ ఉన్నాయి, అన్నీ వినియోగంలో ఉన్నాయి. చదివినప్పుడల్లా ఇది కొట్టిన పిల్ల ఎవరో, ఆమెది ఏ ఊరో అనుకుంటాను. మా అమ్మ మాత్రం ఇప్పటికీ బస్సెక్కే రోజు నీళ్లు ముట్టదు.

రంగులు ఆరినాయి, ఫ్రేము మళ్లీ యాడ తగిలించేదక్కా అని తమ్ముడు అడుగుతున్నాడు. ముందు నాకు తెలియవలసింది వేరే ఉంది. నాయన దాన్ని ఆ గోడకే ఎందుకు తగిలించాడు, ఇంటికొచ్చినవాళ్లు చూడాలనా, నేను చూడాలనా?