అయ్యో మేడమ్ మర్చిపోయిన విజిల్

పరుగుల కోచ్‌కి మతిమరుపు. ఇది మర్చిపోతుంది, అది గుర్తుంటుంది అనే పక్షపాతం లేదు. విజిల్ మర్చిపోతుంది, స్టాప్‌వాచ్ మర్చిపోతుంది, నీళ్ళ సీసా మర్చిపోతుంది. ఒకరోజు ఒక కాలికి తెల్ల బూటు, ఇంకో కాలికి నీలం బూటు వేసుకొచ్చి, ఆ నీలం బూటు ఎవరిదని గ్రౌండంతా వాకబు చేసింది. ఏం మర్చిపోయినా ముందు "అయ్యో!" అని రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంటుంది కాబట్టి పిల్లలు ఆవిడకి 'అయ్యో మేడమ్' అని పేరు పెట్టారు. ఆవిడా అలాగే పలుకుతుంది. అసలు పేరు గుర్తుందో లేదో ఎవరూ అడగలేదు.

బొంగరం అమ్మమ్మ ఆవిడని మొదటిసారి చూసింది ఒక పోట్లాటలో. ఫుట్‌బాల్ మాస్టారు ఆమె మనవరాలు బొంగరాన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

"మేడమ్, ఈ పిల్లని గ్రౌండులోంచి పంపించెయ్యండి!"

"అయ్యో! ఏ పిల్లని?"

"ఇదిగో, ఈ పిల్లనే! ఆట మధ్యలో దూరి బంతి ఎత్తుకుపోయింది!"

"ఎవరి బంతి?"

"మా బంతండీ! ఇప్పుడేగా చెప్పాను?"

"అయ్యో, మర్చిపోయాను. మొదట్నించీ చెప్పండి."

మాస్టారు మొదట్నించీ చెప్పాడు. ఆవిడ మళ్ళీ అయ్యో అంది. ఆయన మళ్ళీ చెప్పాడు. ఒకే కోపాన్ని అన్నిసార్లు వేడి చేయడం ఎవరి తరం? పాపం, చెప్పేకొద్దీ చల్లారిపోయాడు.

"సరే, బంతి తీసుకుని పరిగెత్తింది. మీ పిల్లలు వెంటపడలేదా?"

"టీమంతా పడింది!"

"అందిందా?"

"అందితే మీ దగ్గరికెందుకొస్తానండీ?"

"అయితే మా పిల్లే అయ్యుంటుంది. రిలేలో వేసుకుంటున్నా, ఇలా ఇవ్వండి."

మాస్టారు పిల్లని అప్పగించి, బంతి చంకలో పెట్టుకుని, తను గెలిచాడో ఓడాడో తెలియని మొహంతో వెళ్ళిపోయాడు. మనవరాలిని వెనకేసుకొచ్చిన మనిషిని అమ్మమ్మ చూడటం అదే మొదలు. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు.

బొంగరం ఆమె కూతురి కూతురు. ఆ పిల్ల కూర్చుంటే కుర్చీ నడిచేది. తినే కంచం ఒక గదిలో, తాగే గ్లాసు ఇంకో గదిలో దొరికేవి. డాక్టరు దానికి ఏడీహెచ్‌డీ అని పేరు చెప్పాడు. పిల్ల మొండిది కాదనీ, మనసు ఒకచోట నిలవదనీ, ఒళ్ళు ఊరుకోనివ్వదనీ కూతురికి వివరించాడు. "మా రోజుల్లో ఇలాంటివి ఒక్క చూపుతో కుదిరేవి" అంది అమ్మమ్మ. ఆ చూపుని మనవరాలి మీద చాలాసార్లు ప్రయోగించింది. చూపు అక్కడికి చేరేసరికి పిల్ల అక్కడ ఉండేది కాదు.

కూతురు ఆస్పత్రిలో నర్సు. సాయంత్రం డ్యూటీ. అందుకని పిల్లని గ్రౌండుకి తీసుకెళ్ళి, సిమెంటు మెట్ల మీద గొడుగేసుకుని కూర్చునే పని అమ్మమ్మకి పడింది. కూర్చున్న మనిషి ఊరుకుంటుందా? ఆమె బడి గడప తొక్కీ తొక్కకుండానే వెనక్కొచ్చేసింది కానీ జ్ఞాపకశక్తిలో తనని మించినవాళ్ళు పుట్టలేదని నమ్మకం. తన పెళ్ళిలో ఆడపడుచు ఏ మాట ఎంత మూతి తిప్పి అందో ఇప్పటికీ చేసి చూపించగలదు. అలాంటామె కళ్ళెదుటే ఆ కోచ్ పావుగంటకోసారి నెత్తిన చేతులు పెట్టుకునేది.

"అయ్యో, విజిల్! బొంగరం, సామాన్ల గదిలో ఉంది, పట్రామ్మా!"

సామాన్ల గది గ్రౌండుకి అటు చివర. పిల్ల గాలిలా వెళ్ళి వచ్చేది. కాస్త ఆగి, "అయ్యో, స్టాప్‌వాచ్!" మళ్ళీ బొంగరమే. గ్రౌండులో అంతమంది పిల్లలుంటే ఆవిడకి వేరే కాళ్ళు కనపడవు!

అమ్మమ్మకి ఒళ్ళు మండింది. "ఏమమ్మా, నా మనవరాలు పరుగు నేర్చుకోడానికొచ్చిందా, నీ సామాను మొయ్యడానికొచ్చిందా?" అని మొహం మీదే అడిగింది.

"అయ్యో, ఏం చెయ్యను పెద్దమ్మగారూ, నా బుర్రే అంత."

"నీ బుర్ర సంగతి నేను చూస్తాగా!"

ఇంటికెళ్ళి మిషను ముందు కూర్చుంది. పాత దుప్పటితో సంచి కుట్టింది. విజిల్‌కో జేబు, స్టాప్‌వాచ్‌కో జేబు, రిలేలో చేతులు మార్చుకునే ఆ కర్రకి పొడుగాటి జేబు. ఇంత తెలివి పెట్టుకుని చదువుకోలేకపోయానే అని తన మీద తనకే జాలేసింది. మర్నాడు సంచి నింపుకుని, కోచ్ వెనకాలే నిలబడింది.

"అయ్యో, విజిల్..."

"ఇదిగో!"

"స్టాప్‌వాచ్..."

"ఇదిగో!"

"నీళ్ళు..."

"ఇదిగో. మూత తీసిమ్మంటావా?"

కోచ్ దిక్కులు చూసింది. "నా టోపీ..."

"నెత్తిన ఉంది!"

గెలిచానన్న గర్వంతో అమ్మమ్మ మెట్లెక్కి కూర్చుంది. ఆ వారంలో జరిగింది చూడటానికి మాత్రం గొడుగు అడ్డమొచ్చిందేమో. వరసలో నిలబడ్డ బొంగరం ముందుపిల్ల జడ లాగింది. పక్కపిల్ల బూటు లేసు విప్పింది. కర్ర అందకముందే పరిగెత్తింది, అందాక విసిరికొట్టింది. చివరికి రిలేలో మిగతా ముగ్గురూ కోచ్ దగ్గరికొచ్చి, "ఇది ఉంటే మేం పరిగెత్తం మేడమ్. తీసెయ్యండి" అనేశారు.

బొంగరం వచ్చి అమ్మమ్మ పక్కన కూలబడింది.

"నేను రేపట్నించి రాను అమ్మమ్మా."

"ఏమే, ఎవరేమన్నారు?"

"ఇదివరకు మేడమ్‌కి ఏం కావాలన్నా నన్నే అడిగేది. ఇప్పుడు నాతో పనే లేదు."

అమ్మమ్మ గొడుగు మూసి లేచింది. కోచ్‌ని నిలదీద్దామని సామాన్ల గదికి విసురుగా వెళ్ళింది. ఆ విసురుకి తలుపు తగిలి, కోచ్ చేతిలోని హ్యాండ్‌బ్యాగు కింద పడింది. అందులోంచి విజిళ్ళు దొర్లాయి. ఒకటి కాదు, గుప్పెడు. వాటి వెనకే ఓ స్టాప్‌వాచ్.

అమ్మమ్మ విజిళ్ళని చూసింది. కోచ్ అమ్మమ్మని చూసింది.

"అయ్యో" అంది కోచ్, ఈసారి చిన్నగా. "కూర్చోండి పెద్దమ్మగారూ. వరసలో నిలబడటమంటే దానికి ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది. ఉన్న బుద్ధంతా కదలకుండా ఉండటానికే ఖర్చయిపోతే, నా మాట వినడానికేం మిగులుతుంది? ఒక్క పరుగు తీసొస్తే కాసేపు వింటుంది."

"ఆ మాటే చెప్పి పరిగెత్తించొచ్చుగా?"

"నువ్వు కుదురుగా ఉండలేవు, పోయి పరిగెత్తు అని అందరి ముందూ అంటే అది శిక్ష. నాకు మతిలేదు, కాస్త తెచ్చిపెట్టమ్మా అంటే సాయం. తిక్కదాన్నన్న పేరేదో నాకే ఉండనివ్వండి, నాకు అలవాటే."

అమ్మమ్మ సంచిలోని జేబులన్నీ ఒక్కొక్కటే తడిమింది. ఎంత బాగా కుట్టింది!

"అయితే నీకు నిజంగా మతిమరుపు లేదా?"

"ఎవరన్నారు? పొద్దున్నించీ నా స్కూటర్ ఎక్కడ పెట్టానో వెతుకుతున్నా."

కోచ్ ఆ ముగ్గురినీ బతిమాలి, పోటీ అయ్యేదాకా ఆగమంది. సంచి ఇంట్లో మేకుకి వేలాడింది. కానీ పోటీ రోజున కోచ్‌లని తాడుకి అవతల కూర్చోబెడతారట. రిలే పిలిచేదాకా పిల్లలు ఇంటివాళ్ళతో బెంచీల మీద గంటల తరబడి కాచుకోవాలి. "ఆ రోజు మతిమరుపు మీదే" అంది కోచ్. అమ్మమ్మ పరువు అక్కడే సగం పోయింది.

మిగతా సగం పోటీ రోజు పోయింది. బొంగరం పక్కపిల్ల జడ వైపు చెయ్యి చాపుతుండగా అమ్మమ్మ గొంతు సవరించుకుంది.

"అయ్యో! నా గొడుగు మర్చిపోయానే!"

బెంచీలన్నీ తిరిగి చూశాయి.

"చంకలోనే ఉంది కదా అమ్మమ్మా!"

అందరూ నవ్వారు. అమ్మమ్మ లేచి, కీళ్ళు పట్టుకుంటూ గేటు దాకా నడిచి, కళ్ళజోడు గోడ మీద పెట్టి, మళ్ళీ కీళ్ళు పట్టుకుంటూ తిరిగొచ్చింది. మర్చిపోవడానికి ఇంత ఒళ్ళు హూనం చేసుకోవాలని ఆమెకేం తెలుసు? "అయ్యో, నా కళ్ళజోడు!" అంది, ఈసారి అచ్చం మర్చిపోయినదానిలా. బొంగరం రివ్వున వెళ్ళి తెచ్చింది. తర్వాత గొడుగు. తర్వాత మళ్ళీ కళ్ళజోడు. ఈ ముసలావిడకి పూర్తిగా పోయింది పాపం అని పక్క బెంచీ ఆవిడ జాలిపడటం అమ్మమ్మ చెవిన పడనే పడింది. ఆ మొహం ఎప్పటికీ మర్చిపోకూడదని అక్కడికక్కడే నిర్ణయించుకుంది.

రిలేలో బొంగరం తన చోట నిలబడింది. నిలబడే ఉంది. కర్ర చేతిలో పడ్డాక కదిలింది. ఇక ఆ పరుగు చూస్తే ఫుట్‌బాల్ మాస్టారు ఇంకోసారి ఏడ్చేవాడు. కర్రని విసరలేదు, ముందుపిల్ల అరచేతిలో పెట్టింది. రెండో స్థానం. జడలు లాగించుకున్న ముగ్గురూ దాని మీద పడి ఎగిరారు. "మా అమ్మమ్మకేం గుర్తుండదు, అన్నీ నేనే చూసుకోవాలి" అని బొంగరం వాళ్ళతో గొప్పలు చెప్పుకుంటుంటే అమ్మమ్మ నోరు మూసుకుంది. ఇలాంటి సంగతులు చరిత్రలో అరుదు.

కోచ్ తాడు దాటి వచ్చింది. ఒక కాలికి మళ్ళీ నీలం బూటే.

"పెద్దమ్మగారూ, ఇంకొక్క సాయం. రేపట్నించి కొత్త పిల్లొకతె వస్తోంది. మన బొంగరాన్ని మించింది. నేనొక్కదాన్నే ఇద్దరికి సరిపడా మర్చిపోలేను. కళ్ళజోడూ గొడుగూ చాలవు, రేపు మీ చెప్పులు కూడా మర్చిపోండి."