బాప్తిస్మపు రిజిస్టరులో దొరికిన తాత

మా తాత వేరొకరి పేరుతో బొగ్గుబాయిలో పనికి చేరాడు. ఉద్యోగం పోతుందన్న భయంతో అసలు పేరు మాకూ చెప్పకుండానే కన్నుమూశాడు. తన తండ్రివైపు వాళ్ళను ఒక్కసారైనా చూడాలని మా బాపు ఆశ.

నేను వంశవృక్షాల వెబ్‌సైటు ఒకదానిలో డీఎన్ఏ పరీక్ష చేయించాను. నస్పూర్‌లో ఉండే ఒక అక్క మాకు చుట్టమని ఫలితం వచ్చింది కానీ, ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకుడు ఎవరో సైటు చూపలేదు. డీఎన్ఏ చుట్టరికం ఉందని మాత్రమే చెబుతుందట. పూర్వీకుడి పేరును సైటు మనం రాసిన వంశవృక్షాల్లోనే వెతుకుతుందట. నేను రాసింది కంపెనీ కాగితాల్లోని పేరు.

తాత దేవుని ముందు అబద్ధమాడి ఉండడని నాకు గట్టి నమ్మకం. పాస్టరుగారిని బతిమాలి పాత బాప్తిస్మపు రిజిస్టరు తీయించాను. అందులో తాత అసలు పేరు, ఆయన తండ్రి పేరు ఉన్నాయి! అవి సైటులో ఎక్కించగానే నా వృక్షం, అక్క వృక్షం ముత్తాత దగ్గర కలిశాయి.

అది సూచనే, రుజువు కాదు. అందుకే అక్కకు ఫోన్ చేశాను.

“మా తాత తమ్ముడు బాయి పనికని పోయి మళ్ళ రాలే,” అంది. తమ్ముడి పేరు అడిగితే రిజిస్టరులోని పేరే చెప్పింది. ఫోను బాపుకిచ్చాను.

“కాకా, గిన్నేండ్లు ఏడ దాక్కున్నవే?”

“నేనేడికి పోయిన బిడ్డా, గోదావరి దాటితే నా ఇల్లే!”

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ, బాపు నస్పూర్ నుంచి వచ్చిన అక్కను సంఘం ముందు నిలబెట్టి, “మా అన్న బిడ్డ,” అన్నాడు. అందరికంటే గట్టిగా నేనే హల్లెలూయా అన్నాను.